పాలు లేని బాల్యము

మాంసమును విడిచిన మానవుడు లోకమునకు క్రొత్తవాడు కాడు. పాలను, పెరుగును, నేతిని సైతము విడిచి, జంతువునుండి లభించు నే పదార్థమును తన విస్తరిలోనికి రానీయక జీవింపబూనిన వయోజనుడును నేడు మనకు వింతగా దోపడు. అట్టివాడు తన వ్రతమును తానెఱిగి పూనును, దాని కష్టమును తానే సహించును, చాలునని తోచిననాడు తానే విడుచును. కాని యా యింట నొక శిశువు జన్మించిన నాటినుండి యీ వ్రతమునకు స్వరూపమే మారిపోవును. ఆ శిశువు దేనిని విడువలేదు, దేనిని పూనలేదు. అయినను దాని యెముకలు, నాడులు, రక్తము తలిదండ్రుల విశ్వాసము ననుసరించియే నిర్మింపబడవలసి యుండును. మాటలు నేర్చి వీధిలోనికి బోయిన పిమ్మట, తోడిపిల్లలు త్రాగునది తానేల త్రాగరాదో, పొరుగింట పెట్టినది తానేల తినరాదో యా చిన్ననోటితోనే చెప్పుకొనవలసి యుండును. వీగన్ జీవనమని నేడు పిలువబడుచున్న యీ యాచారముయొక్క చరిత్రను సభలలోను, కరపత్రములలోను, నాయకుల ప్రసంగములలోను వెదకువారు దానియందలి సగమును మాత్రమే చూతురు. తక్కిన సగము పిల్లల కంచములలో నున్నది. ఈ కార్యమునకు బూనిన తలిదండ్రులు ఎచ్చట విఫలులైరో, ఎచ్చట కృతార్థులైరో, ఆ రెంటికిని నడుమ నున్న భేద మెట్టిదో చెప్పుటయే యీ వ్యాసమున నా సంకల్పము.

1843వ సంవత్సరము జూన్ మాసమున అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమందు, హార్వర్డ్ అను పల్లెకు సమీపమున, సుమారు 90 ఎకరముల పొలమునకు ఒక చిన్న జనసమూహము కాపురము వచ్చెను. వారికి నాయకులిద్దరు: అమెరికా తత్త్వవేత్తయగు బ్రాన్సన్ ఆల్కట్, ఆయన భావములచే నాకర్షింపబడి సముద్రము దాటి వచ్చిన చార్లెస్ లేన్ అను ఆంగ్లేయుడు. ఆల్కట్‌తో భార్య అబిగెయిల్, నలుగురు కుమార్తెలు. లేన్‌తో విలియమ్ అను కుమారుడు. ఆ పొలమున నున్నవి కొలదిపాటి ముసలి ఆపిల్ చెట్లే యైనను, రాబోవు ఫలసమృద్ధిని దలచి వారు దానికి ఫ్రూట్‌లాండ్స్ అని పేరిడిరి. మాంసము, చేపలు, గ్రుడ్లు, పాలు, వెన్న, జున్ను అచ్చట నిషిద్ధములు, టీ, కాఫీలును నిషిద్ధములే, పానీయము నీరొక్కటియే. ఉన్ని గొఱ్ఱెకు చెందిన సొత్తనియు, ప్రత్తి బానిసల చెమటతో పండిన పంట యనియు నెంచి, వా రా రెంటిని విడిచి నారబట్టలను ధరించిరి. పశువును నాగలికి గట్టుటయు దాస్యమే యని మొదట చేతులతోనే నేలను ద్రవ్వబూని, పని సాగకపోవుటచే, సహవాసి యొకడు తెచ్చిన యెద్దులను తుదకు గట్టక తప్పలేదు. విత్తనములు వేయు కాలము అప్పటికే మించిపోయినది.

ఈ వృత్తాంతమును చరిత్రకారులు ఆదర్శవాదుల యుత్సాహముగా వర్ణించుట కలదు. నేను దానిని ఆ యింటి పిల్లల పక్షమున నిలిచి చదివితిని. నలుగురు బాలికలలో రెండవదియగు లూయిసాకు నాటికి పదియేండ్లు. తదనంతర కాలమున, 1868లో, ‘లిటిల్ విమెన్’ అను నవలను రచించి లోకప్రసిద్ధి గాంచిన లూయిసా మే ఆల్కట్ ఆమెయే. ఆ పొలమున నున్న దినములలో ఆమె వ్రాసికొన్న దినచర్యలో కొంతభాగము నేటికిని నిలిచియున్నది. పెద్దయైన పిమ్మట 1873లో అదే యనుభవమును ‘ట్రాన్సెండెంటల్ వైల్డ్ ఓట్స్’ అను చిన్న రచనగా వెలువరించెను. పంట కోతకు వచ్చిన తరుణమున పురుషులు తత్త్వోపన్యాసములకై ఊళ్లు తిరుగుచుండగా, తుపాను కమ్ముకొని వచ్చుట చూచి, తల్లియు పిల్లలును దొరికిన బుట్టలలో దుప్పట్లలో బార్లీని మోసికొని లోపలికి జేర్చిన ఘట్టము అం దున్నది. జంతువులపై బరువు మోపరాదని వెడలిన సంసారమున ఆ బరువంతయు నొక స్త్రీ వెన్నుపై, ఆమె బిడ్డల చేతులపై బడెను. వంట, ఉతుకు, కుట్టుపని, దీపము, రోగశుశ్రూష యన్నియు అబిగెయిల్ యొక్కతెకే దక్కెను. శీతకాలము రాగా గాదెలో ధాన్యము లేదు, ఒంటిపై వెచ్చని వస్త్రము లేదు, నాయకులిద్దఱి నడుమ సామరస్యము లేదు. 1844 జనవరిలో ఆమె పిల్లలను దీసికొని పొలమును విడిచెను. లేన్ తన కుమారునితో షేకర్లను క్రైస్తవ శాఖవారి నివాసమున కేగెను. ప్రయత్నమంతయు ఏడు మాసములకే ముగిసెను.

ఫ్రూట్‌లాండ్స్ విఫలమైనది పాలు మానుటచే నని చెప్పువారు తొందరపడి తీర్పు చెప్పుచున్నారు. పిల్లలకు మాంసమును, పాలను పెట్టరాదని నిశ్చయించిన యా తత్త్వవేత్తలు, వానికి బదులుగా జనవరి మాసమున ఏమి పెట్టవలెనో విచారింపలేదు. ఎవరు వండవలెనో యంతకన్నను విచారింపలేదు. నిషేధము వ్రాసికొనుట కొక సాయంకాలము చాలును. ప్రత్యామ్నాయమును సృజించుటకు శతాబ్ద మొకటి పట్టినది. ఇంగ్లండులో లండను సమీపమున హామ్ అను చోట, ఆల్కట్ పేరనే 1838లో స్థాపింపబడిన ఆల్కట్ హౌస్ అను పాఠశాలలో ఈ విధమైన మితాహారముననే బాలబాలికలను పెంచిరి గాని, అదియు 1848 నాటికి మూతబడెను. ఆ పాఠశాలలో ఆరంభమైన సంప్రదింపుల ఫలితముగా 1847లో రామ్స్‌గేట్ పట్టణమున వెజిటేరియన్ సొసైటీ పుట్టినది. కాని యా సంఘము పాలను, గ్రుడ్లను నిషేధింపక, ఎవరి యిచ్ఛకు వారిని విడిచెను. శిశువునకు పాలు గాక మఱేమి పెట్టవచ్చునను ప్రశ్న అట్లు వాయిదా పడెను.

ఆ ప్రశ్నను తన కన్నబిడ్డ రోగశయ్యకడ నెదుర్కొనిన మహనీయుని మనము బాగుగ నెఱుగుదుము. 1902లో బొంబాయిలో గాంధీజీ రెండవ కుమారుడు, పదియేండ్ల మణిలాల్, సన్నిపాతజ్వరముతోను ఊపిరితిత్తుల వాపుతోను మంచము పట్టెను. చూడవచ్చిన పార్సీ వైద్యుడు గ్రుడ్లు, కోడి రసము ఇయ్యవలెనని చెప్పెను. గాంధీజీ సమ్మతింపక, పిల్లవాని నడిగి, వాని యంగీకారము గైకొని, జలచికిత్సకు బూనెను. పిల్లవాడు బ్రదికెను. ఆత్మకథలో ఈ ప్రకరణమును చదువునపుడు నన్ను కదలించునది చికిత్సలోని విజయము గాదు. ఆ రాత్రి బొంబాయి వీథులలో నడచుచు, తలిదండ్రులకు తమ నమ్మకములను బిడ్డలపై రుద్దు నధికార మెక్కడిదని ఆయన తన్ను దాను ప్రశ్నించుకొనుట. ఆల్కట్ గాని లేన్ గాని యీ ప్రశ్న వేసికొన్నట్లు నాకు కనబడలేదు. నేను మాత్రము ఆ వైద్యుని మాట త్రోసిపుచ్చుటను సమర్థింపజాలను. బిడ్డ ప్రాణమునకును తండ్రి వ్రతమునకును పోటీ వచ్చినపుడు వ్రతమే తొలగవలెనని నా దృఢాభిప్రాయము. అయినను ఆ సందేహమును దాచక వ్రాసిన నిజాయితీకి నమస్కరింతును.

ఎనిమిదేండ్ల తరువాత, 1910లో, దక్షిణాఫ్రికాలోని జోహాన్నెస్‌బర్గుకు 21 మైళ్ల దూరమున, మిత్రుడు హెర్మన్ కాలెన్‌బాక్ ఇచ్చిన 1100 ఎకరముల పొలమున టాల్‌స్టాయ్ ఫారమ్ వెలసెను. సత్యాగ్రహమున కారాగృహమున కేగినవారి కుటుంబములకు అది యాశ్రయము. గుజరాతీలు, తమిళులు, ఉత్తరహిందువులతోబాటు ఆంధ్రదేశీయులును అందు నివసించిరి. హిందువులు, మహమ్మదీయులు, పార్సీలు, క్రైస్తవులు అందఱు నుండిరి. పిల్లలే ఇరువది ముప్పదిమంది. పుట్టినది మొదలు మాంసము తినుచు, కష్టకాలమున శరణు వచ్చిన స్త్రీలతో దానిని మానుడని చెప్పుట ధర్మమా యని గాంధీజీ వితర్కించుకొని, కావలెనన్నవారికి మాంసము పెట్టుటకే తాను సిద్ధపడి, తరువాత వారితో మాటలాడెను. వారు తామై శాకాహారమున కంగీకరించిరి. రంజాను మాసమున మహమ్మదీయ బాలురు ఉపవసింపగా హిందూ, పార్సీ బాలురును వారితో గలిసి ఉపవసించిరి. ఒక ఆహారనియమము పిల్లలకు బరువు కాకుండ నుండవలెనన్నచో అది యింటిలో నొక్కరి యాజ్ఞగా గాక, పదిమంది పాటించు పరిపాటిగా నుండవలెనని యీ పొలము చూపినది. 1912లో ఆ పొలముననే గాంధీజీ పాలను విడిచెను. కాని 1919లో తీవ్రరోగముచే కృశించి, కస్తూరిబా మాటపై మేకపాలను గ్రహింపవలసి వచ్చెను. పాలకు సరియగు వృక్షసంబంధమైన పదార్థము తనకు దొరకలేదని యాయన దాపఱికము లేక యొప్పుకొనెను. పెద్దవారికే దొరకనిది శిశువులకు దొరకునా?

1944 నవంబరులో, ప్రపంచయుద్ధము ముగియకమునుపే, ఇంగ్లండులో డోనాల్డ్ వాట్సన్ అను వడ్రంగపు పనిని బోధించు ఉపాధ్యాయుడు కొలదిమంది మిత్రులతో గలిసి వీగన్ సొసైటీని స్థాపించెను. బాల్యమున తన పినతండ్రి పొలమున పందిని వధించుట చూచి పదునాలుగవ యేట మాంసమును విడిచిన యతడు, పాడికిని వధకును విడదీయరాని సంబంధము కలదని క్రమముగ గ్రహించెను. పాలు మానిన శాకాహారులకు పత్రికలో కొంత చోటిమ్మని వెజిటేరియన్ సొసైటీ నర్థించి, అది లభింపక, వేఱు దారి పట్టెను. నాటి బ్రిటనులో పాలు త్రాగుట కేవల మలవాటు కాదు, రాజ్యవిధానము. యుద్ధకాలమున గర్భిణులకును శిశువులకును ప్రభుత్వమే పాలను సమకూర్చెను. 1946లో చేసిన శాసనముచే పాఠశాలలలోని పిల్లలందఱికి ప్రతిదినము మూడవవంతు పింటు పాలు, అనగా సుమారు 190 మిల్లీలీటర్లు, ఉచితముగ పంచబడెను. పేదపిల్లల యెముకలను నిలబెట్టిన సత్కార్యమది, దానిని నేను తక్కువ చేయను. అయినను తరగతిలో నలువదిమంది ముందు సీసాలు పెట్టబడుచుండగా ఒక్క బిడ్డ చేయి చాపకుండుట యెంత కష్టమో యూహింపుడు. ఆ బిడ్డకు ఉపాధ్యాయుని దయ తోడుగా నుండెనా లేదా యనుదానిపైననే వాని బాల్యమంతయు ఆధారపడి యుండును.

ఈ తొలితరమువారికి తెలియని సత్య మొకటి యుండెను. దానిని తెలియకపోవుట వారి నేరము కాదు, నాటికి లోకమున కెవరికిని తెలియదు. 1948లో అమెరికాలో మెర్క్ సంస్థయందు కార్ల్ ఫోకర్స్ బృందమును, ఇంగ్లండులో గ్లాక్సో సంస్థయందు లెస్టర్ స్మిత్తును, కాలేయమునుండి ఎఱ్ఱని స్ఫటికముల రూపమున బి12 విటమినును వేఱుపఱచిరి. రక్తమునకును నాడులకును ప్రాణాధారమైన యీ పదార్థమును ఏ మొక్కయు నిర్మింపలేదు, ఏ జంతువును నిర్మింపలేదు. సూక్ష్మజీవులు మాత్రమే నిర్మింపగలవు. వయోజనుని కాలేయమున దీని నిలువ సంవత్సరములకొలది చాలును, కావున వీగన్ వ్రతము బూనిన పెద్దవాడు చాలకాలము తనకు లోటులేదని నమ్మును. గర్భిణియందే నిలువ లేనిచో శిశువునకు వచ్చునది శూన్యము. ఆమె స్తన్యముననే పెరుగు బిడ్డకు కొలదిమాసములలోనే రక్తహీనత, స్తబ్ధత, వణుకు కలిగి, నేర్చిన నవ్వును మఱచును, నిలిపిన మెడను వాల్చును. 1955లో వోక్స్ మొదలగువారు బ్రిటన్, హాలండు దేశముల వీగనులలో ఈ లోపమును వర్ణించిరి. మన పొరుగుననే వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలయందలి వైద్యులు 1962లో, తల్లుల శరీరములందే యీ విటమిను లోపించిన చంటిబిడ్డల వ్యాధిని వివరించి, బి12 ఇచ్చుటచే బిడ్డలు తేరుకొనుటను లోకమునకు దెలిపిరి.

ఇచ్చట నొక తెలుగువాని పేరు చెప్పక ముందునకు సాగుట నాకు సాధ్యము గాదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, న్యూయార్కు రాష్ట్రమందలి లెడర్లె ప్రయోగశాలల పరిశోధనాధిపతియై, రక్తహీనతకు మందును వెదకుచు, తన బృందముచే 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మింపజేసెను. ఆకుకూరలలో పుష్కలముగ నుండు ఈ విటమిను రక్తమును సరిచేయును గాని, బి12 లోపమువలన చెడు నాడులను రక్షింపలేదు. తోటకూర, పాలకూర, పప్పు సమృద్ధిగ తిను వీగన్ బిడ్డ మొగము పాలిపోకయే యుండవచ్చును, లోపల నాడులు మాత్రము క్షీణించుచుండవచ్చును. రక్తపరీక్ష సైతము మొదట వైద్యుని మోసగించును. ఈ రెండు విటమినుల భేదము స్పష్టమగుచున్న 1948లోనే సుబ్బారావుగారు పరమపదించిరి. అదే సంవత్సరమున బి12ను సూక్ష్మజీవుల పెంపకమునుండియు సంగ్రహింపవచ్చునని తేలెను. నా యభిప్రాయమున వీగన్ బాల్యము నిజముగ సాధ్యమైనది వాట్సన్ సంఘము వెలసిన 1944లో గాదు. గోవును వధింపకయే బి12ను బడయవచ్చునని తెలిసిన యీ 1948లో.

విటమిను దొరకెను, పాలు దొరకవలసి యుండెను. సోయాగింజలనుండి పాలు తీయుట చీనాదేశమున ప్రాచీనవిద్య. 1909లోనే బాల్టిమోరు నగర శిశువైద్యుడు జాన్ రూరా ఆవుపాలు పడని బిడ్డలకు సోయాపిండితో ఆహారము సమకూర్చెను. అడ్వెంటిస్టులను క్రైస్తవ శాఖకు చెందిన వైద్యుడు హ్యారీ మిల్లర్ 1936లో షాంఘై నగరమున సోయాపాల కర్మాగారమును నెలకొల్పగా మరుసటి యేడు యుద్ధమున అది బాంబులకు నాశనమయ్యెను. ఇంగ్లండులో లెస్లీ క్రాస్ అను వీగన్ నాయకుడు 1956లో ప్లాంట్‌మిల్క్ సొసైటీని స్థాపించి, ఏండ్లతరబడి ప్రయత్నించి, 1965లో ప్లామిల్ అను సోయాపాలను విపణికి దెచ్చెను. ఉపన్యాసములు చెప్పుట మాని పాలు కాచబూనిన యీ మనుష్యుని నే నెంతయు గౌరవింతును. ఒక తల్లి అంగడికి బోయి డబ్బా కొని తెచ్చి బిడ్డకు పోయగలిగిననాడే యీ ధర్మము సామాన్య గృహమునకు అందుబాటులోనికి వచ్చెను.

ఇక నీ చరిత్రలో మిక్కిలి సమృద్ధమైన యధ్యాయము. 1970 అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కో నగరమునుండి స్టీఫెన్ గాస్కిన్ అను అధ్యాపకుడు, తన సోమవారపు ప్రసంగములకు వచ్చు యువజనులతో, పాత స్కూలు బస్సుల బారుతో దేశాటనమునకు బయలుదేరెను. 1971లో వారు సుమారు 300 మంది టెన్నెసీ రాష్ట్రమున సమ్మర్‌టౌన్ సమీపమున అడవిభూమిని గొని, దానికి ‘ది ఫారమ్’ అని పేరిడి స్థిరపడిరి. ధనము ఉమ్మడి, శ్రమ ఉమ్మడి, వంట పెక్కుచోట్ల ఉమ్మడి; మాంసము, గ్రుడ్లు, పాలు నిషిద్ధములు. పశువులను, పందులను పెంచి బ్రదుకు సేద్యగాండ్ర నడుమ ఈ పొడుగుజుట్టు జనము దిగినపుడు పొరుగువారు శంకించిరి. వీరు వారివద్దనే సేద్యము నేర్చి, వారితో గలిసి జొన్నపానకము కాచి, నమ్మకమును సంపాదించుకొనిరి. పదేండ్లలో జనసంఖ్య వేయి దాటెను. స్టీఫెన్ భార్య ఇనా మే గాస్కిన్ నాయకత్వమున మంత్రసానులు అచ్చటనే పురుళ్లు పోసిరి. ఆమె గ్రంథము ‘స్పిరిచ్యువల్ మిడ్‌వైఫరీ’ 1975లో వెలువడి ప్రసూతివిద్యలో ప్రసిద్ధమైనది.

ఫ్రూట్‌లాండ్స్‌లో లేనిదేదో అది యెల్ల ఇచ్చట కనబడుచున్నది. మొదటి యేండ్లలో దారిద్ర్యముచే పిల్లలకును పెద్దలకును సరియైన తిండి దొరకని దినములు వీరికిని గడచినవి. అయినను వీరు ఆహారశాస్త్రము నెఱిగినవారి సలహా ననుసరించి, సోయాపాల శాల నొకటి కట్టి, తమ పాలలో బి12 విటమినును కలిపిరి; దానిని కలిగిన యీస్టు పొడిని కూరలపై చల్లుట పిల్లలకును ఇష్టమైన యలవాటు అయ్యెను. సోయాను మెత్తగా నుడుకువఱకు ఆవిరిపాత్రలలో వండిరి, టోఫు అను సోయాజున్నును పేరబెట్టిరి, ఇండొనేషియా దేశీయులవలె సోయాను పులియబెట్టి టెంపే చేయుట నేర్చిరి. సోయాపాలతోనే ‘ఐస్ బీన్’ అను హిమక్షీరమును చేసి బయటి యంగళ్లకును అమ్మిరి. పండుగనాడు తీపి లేని బిడ్డకు నియమము శిక్షగా దోచునని వీరు గ్రహించిరి కాబోలు. 1976లో గ్వాటెమాలాలో భూకంపము రాగా, వీరి సేవాసంస్థ ప్లెంటీ కార్యకర్తలు కుటుంబములతో నచ్చటికేగి, ఇండ్లు కట్టుటకు దోడ్పడి, మాయా జాతి పల్లెలో సోయాపాల శాలను నెలకొల్పిరి.

ఈ పిల్లలనుగూర్చి మనకు ప్రశంసావాక్యములు మాత్రమే గాక కొలతలు కూడ లభించినవి. నాలుగు నెలల వయస్సునుండి పదియేండ్లవఱకు గల 404 మంది ఫారమ్ పిల్లలను కొలిచి, తూచి, ఆ ఫలితములను ‘పీడియాట్రిక్స్’ అను వైద్యపత్రికలో 1989లో ప్రకటించిరి. ఒకటినుండి మూడేండ్ల ప్రాయమున వీరు అమెరికా పిల్లల మధ్యమప్రమాణముకంటె కొంచెము పొట్టిగా నుండిరి; పదియేండ్లకు ఆ భేదము ఎత్తులో 0.7 సెంటీమీటరు, బరువులో 1.1 కిలోగ్రాములు మాత్రమే. అచ్చటి 775 మంది వీగన్ తల్లుల ప్రసూతి వివరములను పరిశీలించిన మఱియొక పరిశోధన 1987లో వెలువడినది. గర్భిణులకు రక్తపుపోటు పెరిగి ప్రాణాపాయము దెచ్చు వ్యాధి వారిలో నొక్కరికే కనబడెను. లోకము అసాధ్యమని చెప్పిన దానిని ఈ పల్లె, ఒకరిద్దఱు బిడ్డలయందు గాక, ఒక తరమంతటియందు సాధించెను. 1983లో అప్పుల భారముచే ఉమ్మడి యాస్తి రద్దయి, కుటుంబములు చెదరి, పిల్లలు బయటి బడులలో జేరవలసి వచ్చినపుడు, వారు తమ తిండి లోకపు తిండి గాదని మొదటిసారిగ తెలిసికొనిరి. అంతవఱకు వారి లోకమే వీగన్ లోకము.

అదే దశాబ్దమున హాలండులో దీనికి విరుద్ధమైన దృష్టాంతము కనబడినది. మాక్రోబయోటిక్ అను నియమమును పాటించు కుటుంబములవారు శిశువులకు పాలు మాన్పి, ధాన్యము, కూరలు, కొలదిగ పప్పులు మాత్రమే పెట్టిరి; వాగెనింగెన్ విశ్వవిద్యాలయమున డాగ్నెలీ మొదలగు పరిశోధకులు ఆ శిశువులను పరిశీలింపగా, ఎదుగుదల కుంటుపడుటయు, రికెట్స్ వ్యాధిచే ఎముకలు మెత్తబడుటయు, బి12 లోపించుటయు కనబడెను. ఆ తలిదండ్రులు తమ బిడ్డలను టెన్నెసీవారికంటె తక్కువగ ప్రేమించినవారు కారు. వారి గంజిలో క్రొవ్వు చాలలేదు, డి విటమిను లేదు, బి12 లేదు, అంతియే భేదము. ఆ పరిశోధకులు నిందించుటతో నూరకుండక, నూనెను, చేపను, కొంత పాడిని చేర్చుడని ఆ కుటుంబములకు సలహా యిచ్చిరి.

శాస్త్రజ్ఞులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు. శిశుపోషణకు ప్రమాణగ్రంథమును 1946లో రచించిన బెంజమిన్ స్పాక్, మరణించిన 1998లో వెలువడిన యేడవ ముద్రణమున, రెండేండ్లు దాటిన పిల్లలకు మాంసమును పాడిని మాన్పవచ్చునని సలహా యిచ్చి, తోటి శిశువైద్యులను కలవరపఱచెను. అమెరికా ఆహారశాస్త్రజ్ఞుల సంఘము 2009లో, సక్రమముగ యోచించి యేర్పఱచిన వీగన్ ఆహారము శైశవముతోసహ అన్ని దశలకు దగుననెను. జర్మనీ పోషణసంఘము 2016లో గర్భిణులకును పిల్లలకును దానిని సిఫారసు చేయజాలమనెను. అదే యేట ఇటలీ పార్లమెంటులో ఒక సభ్యురాలు బిడ్డలకు వీగన్ ఆహారము పెట్టు తలిదండ్రులను చెఱసాలకు బంపవలెనని బిల్లు ప్రతిపాదించెను. అది శాసనము కాలేదు. చెఱసాల భయమున్నచోట తల్లి వైద్యునికి నిజము చెప్పదు. నిజము చెప్పనిచోట బిడ్డకు మందు అందదు.

తెలుగుదేశమున నీ మార్గమును బూనిన యువదంపతులు నేడు హైదరాబాదులోను, విశాఖపట్టణములోను, విదేశములలోను నున్నారు. వారి కష్టము ఆంగ్లేయుల కష్టముకంటె భిన్నమైనది. మాంసాహారులగు బంధువులు గ్రుడ్డయిన పెట్టరాదా యందురు. శాకాహారులగు బంధువులు పెరుగన్నము పెట్టని తల్లి తల్లియా యందురు. అన్నప్రాశనమునాటి పాయసమునుండి ఆలయప్రసాదమువఱకు పాలు, నేయి మనకు కేవలాహారము గాక వాత్సల్యమునకే రూపములు. వానిని కాదనుట అమ్మమ్మ చేతిని కాదనుటగా దోచును. ఆ యమ్మమ్మలతో నా మనవి యిది: నువ్వుల ఉండ, వేరుసెనగ చిక్కి, కొబ్బరిపాల పరమాన్నము, మినపసున్ని నూనెతో, రాగిజావ బెల్లముతో మీరెఱిగినవే, వానిని చేసి పెట్టుడు, మనుమడు మీ చేతినుండి దూరము గాడు. వీగన్ తలిదండ్రులతో నా మనవి వేఱు. అంగన్‌వాడీలలోను, బడులలోను పేదబిడ్డలకు ప్రభుత్వమిచ్చు గ్రుడ్డునకు గాని పాలకు గాని మీ ధర్మమును అడ్డు పెట్టకుడు. మీ బిడ్డకు ప్రత్యామ్నాయము కొనగలిగిన స్తోమతు మీకున్నది, వారికి లేదు. 2022లో మన దేశపు ఆహారభద్రతా సంస్థ వీగన్ పదార్థములకు నిబంధనలను, గుర్తును ఏర్పఱచినది; ఆ గుర్తు పొట్లములో జంతుపదార్థము లేదని చెప్పును గాని, బిడ్డకు చాలినంత పోషణ యున్నదని చెప్పదు.

ఇక ఆ తలిదండ్రులకే నా తుది మాట: గర్భము దాల్చిన నాటినుండి తల్లియు, స్తన్యము విడిచిన నాటినుండి బిడ్డయు బి12ను వైద్యుడు చెప్పిన మోతాదున తప్పక పుచ్చుకొనవలెను. దీనికి ఆకు, సముద్రపు నాచు, ఇంటి పులియబెట్టుడు ఏదియు ప్రత్యామ్నాయము గాదు. మఱియు, ఫ్రూట్‌లాండ్స్ పిల్లలు ఎంత యెదిగిరో నేడు కొలతలతో చెప్పజాలము. టెన్నెసీ పిల్లలనుగూర్చి సెంటీమీటరులో భాగములతో చెప్పగలము, ఏలయన వారిని కొలిచి వ్రాసినవారుండిరి. కావున మీ బిడ్డ ఎత్తును, బరువును, రక్తపరీక్షల ఫలితములను ఒక పుస్తకమున క్రమముగ వ్రాసి యుంచుడు. దానిని, మీ వ్రతమును దాచక, మీ శిశువైద్యునకు చూపుడు.